గంజాయి మందు - నర్సు చదువు

గంజాయి మాట ఎత్తితే చాలు, మనవాళ్ళలో రెండు గుంపులు లేస్తాయి. ఒకరికది మత్తు భూతం, మరొకరికి మన పూర్వీకులు కనిపెట్టిన సర్వరోగ నివారిణి. నాకు రెండూ మింగుడుపడవు.

కలకత్తా మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ ఓషానెసీ 1839లో ఏం చేశాడో చూడండి. పాత గ్రంథాలు చదివాడు గానీ అక్కడితో ఆగలేదు. ముందు జంతువుల మీద, తర్వాత కీళ్ళవాతం, ధనుర్వాతం రోగుల మీద పరీక్షించాడు. పిచ్చికుక్క కరిచిన రోగికి బాధ తగ్గింది, కాస్త అన్నం కూడా దిగింది, ప్రాణం మాత్రం దక్కలేదు. ఆ మాటా దాచకుండా రాశాడు. నాకు ఆయన నచ్చింది అక్కడే. (రోగి అనుమతి గురించి ఆ రోజుల్లో ఎవరడిగారు లెండి!)

చిక్కంతా కొలతలో వచ్చింది. ఒక మొక్క బలం మరో మొక్కకుండదు. మత్తునిచ్చే టీహెచ్‌సీని శుద్ధంగా విడదీసి, దాని నిర్మాణం తేల్చింది 1964లో, ఇజ్రాయెల్‌లో.

1996లో కాలిఫోర్నియా ఓటర్లు వైద్యానికి గంజాయిని అనుమతించారు. అయితే డాక్టరిచ్చేది మందుల చీటీ కాదు, వట్టి సిఫారసు. రోగి దుకాణంలో కొనుక్కుంటాడు, సందేహాలు నర్సునడుగుతాడు. ఆమెకెవరు నేర్పారు?

అమెరికా రాష్ట్రాల నర్సింగు బోర్డుల జాతీయ మండలి మార్గదర్శకాలు 2018లో గాని రాలేదు. నర్సింగు విద్యార్థులకు చట్టం, ఒంట్లో ఆ మందు పనిచేసే తీరు, ఇతర మందులతో చిక్కులు నేర్పాలన్నారు. రోగిని చూసి మొహం చిట్లించకూడదని కూడా అన్నారు.

ఇది మర్యాద కోసం చెప్పింది కాదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మింగే రోగి గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె కూడా వాడితే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. తిడుతుందని భయపడ్డవాడు ఆ నూనె సంగతి నర్సుకు చెప్పడు.