పుట్ట, బుట్ట, గాజుపెట్టె: అడవి పాములను దగ్గరుంచుకోవడంపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగువారికి పాముతో ఉన్న సంబంధం ప్రాచీనమైనది. పుట్టలోని పామును గృహస్థు కొలిచాడు. బుట్టలోని పామును పాములవాడు ఆడించాడు. ఇటీవలి కాలంలో కొందరు నగరవాసులు అడవి పామును పట్టి తెచ్చి ఇంట్లో పెంచుకోవడానికి ప్రయత్నిస్తున్నారు. ఈ మూడు సంబంధాలు ఒకే సంప్రదాయానికి కొనసాగింపు కావని, మూడవది సంప్రదాయం పేరు చెప్పుకోలేని కొత్త పోకడ అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం బుట్టను మూయించింది. కానీ ఆ బుట్ట వెనుక ఉన్న జ్ఞానానికి తెలుగు నేలపై మరో దారి ఏర్పడలేదు. ఈ లోటును హైదరాబాదు, ముఖ్యంగా అత్తాపూర్ పరిసరాల నేపథ్యంలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: పాములవారు, నాగులపంచమి, వన్యప్రాణి సంరక్షణ చట్టం, అత్తాపూర్, లాకోన్స్, ఇరులర్లు, రెండుతలల పాము.

1. ప్రవేశిక:

ఒక జాతికి ఒక ప్రాణితో ఉన్న సంబంధాన్ని ఆ భాషలోని క్రియాపదాలు పట్టిస్తాయి. తెలుగులో కుక్కను పెంచుతాము, చిలుకను పెంచుతాము. ‘పెంపుడు కుక్క’, ‘పెంపుడు చిలుక’ అనే మాటలు సహజంగా వినిపిస్తాయి. ‘పెంపుడు పాము’ అనే మాట మాత్రం నుడికారంలో స్థిరపడలేదు. పామును కొలుస్తారు, ఆడిస్తారు, పడతారు, విడుస్తారు. పాముకు ‘పెంచు’ అనే క్రియ చేరే ప్రసిద్ధ సందర్భం ‘పాముకు పాలుపోసి పెంచినట్లు’ అనే జాతీయం. అది కూడా చేయకూడని పనికి ఉపమానంగానే వాడుకలో ఉంది. ఈ భాషాసాక్ష్యాన్ని ఆధారంగా చేసుకొని, పామును దగ్గరుంచుకోవడం అనే ఆచారం ఏయే దశలలో ఏయే అర్థాలను పొందిందో పరిశీలిద్దాం.

2. పుట్ట – కొలిచే సంబంధం:

కోస్తాంధ్ర ప్రాంతంలో కార్తిక శుద్ధ చవితినాడు నాగులచవితిని, తెలంగాణలో శ్రావణ శుద్ధ పంచమినాడు నాగులపంచమిని ప్రధానంగా జరుపుకుంటారు. రెండు పండుగలలోనూ భక్తులే పుట్ట దగ్గరకు వెళ్తారు, పాము భక్తుల ఇంటికి రాదు. పుట్టలో పాలు పోసి, పసుపు కుంకుమలు చల్లి, పుట్టమన్ను చెవికి రాసుకుని తిరిగి వస్తారు. చాలా సందర్భాలలో పాము కనిపించను కూడా కనిపించదు. నాగన్న, నాగమ్మ, నాగలక్ష్మి, సుబ్బారాయుడు వంటి పేర్లు పిల్లలకు పెట్టుకునేంత దగ్గరతనం ఈ ఆరాధనలో ఉంది. అదే సమయంలో రాత్రిపూట ‘పాము’ అని పలకకుండా ‘పురుగు’ అనడం, పాము కరిస్తే ‘పురుగు ముట్టింది’ అనడం ఊళ్ళలో అలవాటు. భక్తి, భయం రెండూ కలిసి మనిషికీ పాముకూ నడుమ ఒక దూరాన్ని నిలిపాయి.

పామును వినోదవస్తువుగా చూడడంపై ఇతిహాసంలోనే ఒక హెచ్చరిక ఉంది. 11వ శతాబ్దంలో నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో రురుడి కథ వస్తుంది. పాము కాటుకు గురైన ప్రమద్వరను తన ఆయుష్షులో సగమిచ్చి బతికించుకున్న రురుడు, కనిపించిన పామునల్లా చంపుతూ పోతాడు. అతని చేతికి చిక్కిన డుండుభం విషంలేని నీటిపాము. అది పూర్వం సహస్రపాదుడనే ముని. గడ్డితో పామును చేసి స్నేహితుడిని వేళాకోళంగా భయపెట్టినందుకు శాపం పొంది ఆ రూపం దాల్చాడు. ఈ చిన్న కథలో రెండు విషయాలు గమనించదగినవి. పాములన్నీ ఒకటి కావు కాబట్టి అన్నిటినీ చంపడం తగదనేది మొదటిది. పామును ఆటబొమ్మగా వాడుకున్నవాడు ఆ తప్పుకు మూల్యం చెల్లించాడనేది రెండవది.

3. బుట్ట – ఆడించే సంబంధం:

పామును దగ్గరుంచుకున్న సముదాయం పాములవారిది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వెనుకబడిన తరగతుల జాబితాలో ‘ఎ’ వర్గంలో ‘పాముల’ అనే కులనామం కనిపిస్తుంది. వెదురుబుట్ట, సొరబుర్రతో చేసిన నాగస్వరం, మూలికల సంచి వీరి వృత్తిసామగ్రి. పామును ఆడించడం ఒక్కటే వీరి పని కాదు. ఇంట్లో దూరిన పామును పట్టడం, కాటుకు మూలికలు ఇవ్వడం, ఏ పాము ఎక్కడ తిరుగుతుందో చెప్పడం కూడా వీరి వృత్తిలో భాగాలే. మూలికలతో విషం విరగదని నేడు తెలిసినా, జాడను బట్టి పామును గుర్తించే నేర్పు మాత్రం నిజమైన జ్ఞానం.

అయితే ఈ వృత్తిలో పాము అనుభవించిన బాధను దాచవలసిన అవసరం లేదు. నాగుపాము కోరలు పీకడం, నోరు కుట్టడం, పండుగకు ముందు రోజుల తరబడి నీరు ఇవ్వకపోవడం పలుచోట్ల నమోదైన పద్ధతులు. కోరలు మళ్ళీ మొలుస్తాయి కనుక పీకడం ఒకసారితో ఆగదు. గాయపడిన నోరు చీము పట్టి పాము ఆహారం తీసుకోలేకపోతుంది. దప్పికతో ఉన్న పాము ముందు ఏది పెట్టినా తాగుతుంది. పాలను జీర్ణం చేసుకునే శక్తి దానికి లేదు. బలవంతంగా పోసిన పాలు ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం కూడా ఉంది. జాతీయంలో పాలు పోసిన మనిషి నష్టపోతాడు. వాస్తవంలో నష్టపోయేది పాలు తాగిన పామే.

నాగస్వరానికి పాము తల ఊపుతుందన్న నమ్మకం కూడా ఇటువంటిదే. పాముకు బయటి చెవి లేదు. నేల కంపనాలను, తక్కువ స్థాయి శబ్దాలను అది గ్రహించగలదు. పడగ విప్పి ఊగేది మాత్రం పాటకు కాదు, తన ముందు కదులుతున్న బుర్రను శత్రువుగా భావించి దానిని అనుసరిస్తుంది. ప్రేక్షకుడికి నాట్యంగా తోచేది నిజానికి ఆత్మరక్షణ.

4. చట్టం – బుట్ట మూతపడిన కాలం:

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అనే మాట అర్థాన్ని విస్తరించింది. చంపడంతోపాటు పట్టుకోవడం, ఉచ్చు పన్నడం కూడా వేటే అయింది. చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం అక్రమంగా పట్టిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అటువంటి ప్రాణి ఎవరి అధీనంలోకి వచ్చినా 48 గంటలలోగా పోలీసు స్టేషనుకు గానీ అధీకృత అధికారికి గానీ తెలియజేయాలి. అంటే ఇంటి పెరట్లో దొరికిన పాము కూడా దొరికినవాడి సొంతం కాదు.

2022లో ఈ చట్టానికి జరిగిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. 6 షెడ్యూళ్ళు 4 అయ్యాయి. నాగుపాము మొదటి షెడ్యూలులోకి చేరింది. మొదటి షెడ్యూలు ప్రాణుల విషయంలో నేరం రుజువైతే 3 నుండి 7 సంవత్సరాల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా విధించవచ్చు. ఇదే సవరణ అంతర్జాతీయ ఒప్పందంలోని విదేశీ జాతుల ప్రాణులను కలిగి ఉన్నవారు వివరాలు తెలిపి నమోదు చేసుకునే పద్ధతిని తెచ్చింది. దీనికి నియమాలు 2024లో వచ్చాయి. విదేశీ కొండచిలువను నమోదు చేసుకున్నవాడిని చూసి, మన పొలంలోని జెర్రిపోతును కూడా అలాగే ఉంచుకోవచ్చని భావించడం పొరపాటు. ఆ నమోదు మన అడవి పాములకు వర్తించదు.

చట్టం ప్రభావం నాగులపంచమి నాడు హైదరాబాదులో స్పష్టంగా కనిపిస్తుంది. 1995లో నగరంలో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంస్థల సభ్యులు, అటవీశాఖ సిబ్బంది ఆ రోజున ఆలయాల దగ్గర తిరిగి, బుట్టలలోని పాములను స్వాధీనం చేసుకుంటూ వచ్చారు. పాముకు ఇది విముక్తి. బుట్ట మోసినవాడికి మాత్రం ఇది జీవనాధారం పోయిన రోజు. చరిత్రకారుడు ఈ రెండింటినీ ఒకే పుటలో రాయాలి.

5. మూడు సముదాయాలు – మూడు దారులు:

పాముపై ఆధారపడి బతికిన సముదాయాలు దేశంలో పలుచోట్ల ఉన్నాయి. రాజస్థాన్ కాల్బేలియాల పాటలు, నృత్యాలు 2010లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరాయి. తమిళనాడు ఇరులర్లు పూర్వం చర్మాల వ్యాపారం కోసం పాములు పట్టేవారు. 1976లో పాముచర్మాల ఎగుమతిపై నిషేధం రావడంతో ఆ ఆదాయం పోయింది. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో వారి సహకార సంఘం ఏర్పడింది. వారు అనుమతితో పాములను పట్టి, కొన్ని వారాలు కుండలలో ఉంచి, విషం తీసి తిరిగి వదిలేస్తారు. దేశంలో విషవిరుగుడు మందు తయారీకి కావలసిన విషంలో అధిక భాగం ఈ సంఘానిదే. 2023లో వడివేల్ గోపాల్, మాసి సదయన్ అనే ఇద్దరు ఇరులర్లకు పద్మశ్రీ లభించింది.

తెలుగు నేలపై పాములవారికి ఇటువంటి సహకార నిర్మాణం ఎదగలేదు. చట్టం వారి చేతిలోని బుట్టను తీసుకుంది, చేతిలోని నేర్పును వినియోగించుకోలేదు. దీని విలువను పాముకాటు లెక్కలలో చూడాలి. 2020లో వెలువడిన ఒక అధ్యయనం 2000 నుండి 2019 వరకు దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించారని అంచనా వేసింది. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాలలో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. కాటు వేసిన పాము ఏదో, వేయని పాము ఏదో చెప్పగల మనుషులు ఊరికొకరు ఉండవలసిన నేల ఇది.

6. అత్తాపూర్ – పాము ప్రయోగశాలకు చేరిన చోటు:

మూసీ ఒడ్డున ఉన్న అత్తాపూర్ ఒకనాటి ఊరు. చుట్టూ పొలాలు, రాతిగుట్టలు, దగ్గరలో మీరాలం చెరువు, ఎగువన హిమాయత్‌సాగర్. ఎలుకలు, కప్పలు ఉన్నచోట పాములుండడం సహజం. 2008లో శంషాబాద్ విమానాశ్రయం, 2009లో మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక ఈ ప్రాంతమంతా అపార్టుమెంట్లతో నిండింది. నేడు చిరునామాను ఆ వంతెన స్తంభాల సంఖ్యతో చెబుతారు. గుట్టలు పోయినా పాములు పూర్తిగా పోలేదు. వానాకాలంలో నేలమాళిగలోకి నీరుకట్టె వస్తే ఫోను చేయడానికి సంస్థలున్నాయి. ఈ ప్రాంతానికి దగ్గరలోనే బహదూర్‌పురాలో 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉంది.

అత్తాపూర్‌కు పాముల చరిత్రలో మరొక స్థానం కూడా ఉంది. సీసీఎంబీకి చెందిన లాకోన్స్, అంటే అంతరించిపోతున్న ప్రాణుల సంరక్షణ ప్రయోగశాల, ఇక్కడే ఉంది. 2007లో దీనిని జాతికి అంకితం చేశారు. దీని స్థాపకులు డా. లాల్జీ సింగ్ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోములపైనే పరిశోధించి పట్టా పొందారు. పట్టీల కట్లపాము డీఎన్ఏ నుండి వేరుచేసిన ఒక భాగం, 1988 నాటికి హైదరాబాదులో మనుషుల డీఎన్ఏ వేలిముద్రలు గుర్తించే పరీక్షకు ఆధారమైంది. 2003లో వర్మ, సింగ్‌లు ప్రకటించిన పద్ధతితో చర్మపు ముక్క, మాంసపు తునక నుండి కూడా అది ఏ ప్రాణిదో తేల్చవచ్చు. వన్యప్రాణి నేరాలలో ఇటువంటి సాక్ష్యమే కీలకం. పాము జాతిని చూపుతో గుర్తించిన పాములవాడి పని ఇక్కడ అణుస్థాయిలో జరుగుతున్నది.

7. గాజుపెట్టె – పెంచే సంబంధం:

నేటి కొత్త పోకడకు రెండు రూపాలున్నాయి. మొదటిది మూఢనమ్మకం. విషంలేని, మొద్దుతోక గల రెండుతలల పాము ఇంట్లో ఉంటే సిరి కలుగుతుందనే ప్రచారంతో, బరువును బట్టి ధర కడుతూ దొంగవ్యాపారం నడుస్తున్నది. రెండవది సరదా. పట్టిన పామును విడవకుండా గాజుపెట్టెలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో ఉంచి, చేత్తో పట్టుకుని వీడియోలు తీయడం.

ఈ రెండింటికీ పాత వృత్తితో పోలిక పైపైనే. పాములవాడికి అది ఆకలి, వీరికి అది ఆశ లేదా ఆట. పాములవాడికి తరాల నేర్పు ఉంది, వీరిలో చాలామందికి కట్లపాముకూ విషంలేని చారల పాముకూ తేడా తెలియదు. అడవిలో పట్టిన పాము బందీగా మారినపుడు తరచు ఆహారం ముట్టదు. దాని జీవక్రియ నెమ్మది కనుక వారాల తరబడి అలాగే బతుకుతుంది. అది అరవదు, మూలగదు, ఆకలిని ముఖంలో చూపదు. పెంచుతున్నవాడు దానిని నెమ్మదితనమనుకుంటాడు. ఆ మౌనాన్ని మచ్చికగా పొరబడడమే ఈ పెంపకంలోని అసలు ప్రమాదం.

8. ముగింపు:

• తెలుగు సంప్రదాయంలో గృహస్థుకూ పాముకూ ఉన్న సంబంధం పుట్ట దగ్గర ఆగింది. ఇంట్లో పామును పెంచుకోవడానికి ఆ సంప్రదాయం ఆధారం కాదు.

• పాములవారి బుట్ట జీవనోపాధి. అందులో పాముకు హింస ఉంది, మనిషికి జ్ఞానమూ ఉంది. చట్టం హింసను ఆపడం సమంజసం. జ్ఞానాన్ని వదిలేయడం లోపం.

• ఇరులర్ల ఉదాహరణను బట్టి, పట్టి విడిచే పనికి చట్టబద్ధమైన దారి వేయడం సాధ్యమే. పాములవారి వృత్తిపదాలను, జాడలను గుర్తించే పద్ధతులను వృద్ధుల నోట విని నమోదు చేయడం తెలుగుశాఖలు చేపట్టదగిన పరిశోధన. ఆ మాటలు తెలిసిన తరం తరిగిపోతున్నది.

• పాముకు సంబంధించి మన భాషలో కొలుచు, ఆడించు, పట్టు, విడుచు అనే క్రియలున్నాయి. వీటిలో మొదటిది భక్తుడిది, రెండవది గతించిన వృత్తిది. చివరి రెండూ విడివిడిగా కాక జంటగా ఉన్నపుడే ధర్మసమ్మతం. పట్టినది విడవడానికే కావాలి.