ఓయిసో: అక్కడేముంది, సముద్రం తప్ప?

 

జపాన్ చరిత్ర అనగానే మనకి క్యోటో గుళ్ళు, హిరోషిమా, సమురాయిలు గుర్తొస్తాయి. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయే ఊరు ఆ జాబితాలో ఎక్కడా ఉండదు. దాని పేరు ఓయిసో. టోక్యోలో తొకైదో లైన్ రైలెక్కితే సుమారు గంటా పది నిమిషాల ప్రయాణం. కనగావా ప్రిఫెక్చర్‌లో, సగామి అఖాతం ఒడ్డున, ముప్పై వేల పైచిలుకు జనం ఉన్న పట్టణం. పొద్దున్నే యోకొహామాకో టోక్యోకో ఉద్యోగానికి వెళ్ళి, రాత్రికి ఇల్లు చేరేవాళ్ళు ఇక్కడ చాలామంది. వెళ్తున్నానని చెబితే ఒక మిత్రుడు, "అక్కడేముంది, సముద్రం తప్ప?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబే ఈ ఎపిసోడ్ అనుకోండి.

ఇంకో మాట. జపాన్ వాళ్ళ పేర్లు వాళ్ళ పద్ధతిలోనే, ఇంటిపేరు ముందు పెట్టి చెబుతాను. మన పద్ధతీ అదే కాబట్టి మనకి ఇబ్బంది ఉండదు.

నేను వెళ్ళింది అక్టోబరు మొదట్లో. రైలు హిరాత్సుకా స్టేషన్ దాటగానే కుడివైపు ఒక గుండ్రటి కొండ కనిపిస్తుంది. బోర్లించిన గిన్నెలా ఉంటుంది. 1830ల్లో హిరోషిగే గీసిన తొకైదో రహదారి బొమ్మల్లో హిరాత్సుకా బొమ్మ చూడండి, ఈ కొండే ఉంటుంది. దీని పేరు కొమాయామా. ఈ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

ఓయిసో స్టేషన్ చిన్నది. బయటికి రాగానే ఎదురుగా చెట్లు కమ్మిన గుట్ట, దాని కింద ఒక చిన్న సొరంగం లాంటి దారి, గేటు. అది ఏమిటో నాకు అప్పుడు తెలియదు. చూసి ముందుకు వెళ్ళిపోయాను.

పది నిమిషాలు నడిస్తే తెరుగసాకి అనే రాతి తీరం వస్తుంది. పొద్దున్నే వెళ్ళాలి. ఎందుకంటే అక్కడికి పచ్చటి పావురాలు వస్తాయి. మే నుంచి నవంబరు దాకా, ఉత్తరాన ఉన్న తన్జావా కొండల నుంచి గుంపులుగా ఎగిరొచ్చి, అలలు కొడుతున్న బండల మీద వాలి ఉప్పునీళ్ళు తాగి వెళ్ళిపోతాయి. నేను వెళ్ళేసరికి ఒక పెద్దాయన కెమెరా పెట్టుకుని కూర్చున్నారు. "మీరు కూడా పావురాల కోసమేనా?" అని అడిగారు. "కాదండీ, ఊరు చూద్దామని వచ్చాను" అన్నాను. ఆయన నవ్వి, "ఊరా? అయితే నెమ్మదిగా నడవండి" అన్నారు. మంచి సలహానే ఇచ్చారు.

అక్కడే మత్సుమోతో జున్ అనే డాక్టర్ పేరుతో ఒక స్మారకం ఉంది. ఆయన సైనిక వైద్య విభాగానికి అధిపతిగా పనిచేసిన మనిషి. సముద్ర స్నానం ఆరోగ్యానికి మంచిదని ప్రచారం చేసి, 1885లో ఈ తీరాన్ని అందుకోసం ఎంచుకున్నారు. అప్పటిదాకా సముద్రం అంటే చేపలు పట్టే చోటే. సరదాకో ఆరోగ్యానికో అందులో దిగడం కొత్త సంగతి. అందుకే జపాన్‌లో తొలి సముద్ర స్నాన తీరాల్లో ఒకటిగా ఓయిసో పేరు చెబుతారు. 1887లో రైలు వచ్చింది, స్టేషన్ పడింది. ఇక టోక్యో పెద్దమనుషులు వరస కట్టారు. మంత్రులు, వ్యాపారులు, పాత జమీందారీ కుటుంబాలు, అందరూ ఇక్కడ విడిది ఇళ్ళు కట్టుకున్నారు. వేర్వేరు కాలాల్లో మొత్తం ఎనిమిది మంది ప్రధానమంత్రులకి ఈ ఊళ్ళో ఇళ్ళున్నాయి. ఇంత చిన్న ఊరికి ఎనిమిది మంది!

అంతకు ముందు ఓయిసో ఒక మజిలీ ఊరు. ఎదో నుంచి, అంటే ఇప్పటి టోక్యో నుంచి, క్యోటో వెళ్ళే తొకైదో రహదారిలో 53 మజిలీలు ఉండేవి. అందులో ఇది ఎనిమిదోది. ఆ దారి పక్కన నాటిన దేవదారుల్లో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. దారిలోనే షిగితత్సు ఆన్ అనే చిన్న కుటీరం కనిపిస్తుంది. 12వ శతాబ్దపు కవి సన్యాసి సైగ్యో, శరత్కాలపు సాయంత్రం గురించి రాసిన ఒక ప్రసిద్ధ పద్యం ఇక్కడిదే అని నమ్మకం. ఆ నమ్మకంతోనే 1664లో సోసెత్సు అనే ఆయన ఇక్కడ కుటీరం వేసుకున్నాడు. ఆయన చెక్కించిన రాయి మీద 'షోనాన్' అనే మాట ఉంది. ఇవాళ ఈ తీరం మొత్తాన్ని షోనాన్ అనే పిలుస్తారు. సర్ఫింగ్ దుకాణాల బోర్డుల మీద కూడా అదే మాట. అసలైతే అది చైనాలోని షియాంగ్ నదికి దక్షిణాన ఉన్న ప్రాంతం పేరు. అంటే ఈ తీరం పేరు కూడా సముద్రం అవతల నుంచి వచ్చిందే అన్నమాట.

దేవదారుల నీడలో పడమటి వైపు ఇంకాస్త నడిస్తే సోరోకకు ఉన్న చోటు. నీలి కెరటాల మేడ అని చెప్పుకోవచ్చు. ఇది జపాన్ మొదటి ప్రధానమంత్రి ఇతో హిరోబుమి ఇల్లు. 1896లో కట్టుకున్నారు. పాత భవనం 1923 భూకంపంలో కూలిపోతే తర్వాత మళ్ళీ కట్టారు. ఇప్పుడు చుట్టుపక్కల పాత ఇళ్ళతో కలిపి ప్రభుత్వం మెయిజీ కాలపు స్మారక ఉద్యానవనంగా తీర్చిదిద్దుతోంది. ఇతో నాలుగుసార్లు ప్రధాని. 1889 రాజ్యాంగం తయారీలో ముఖ్యుడు. ఆ లెక్కన ఆధునిక జపాన్‌ని కట్టినవాళ్ళలో ఒకరు. ఇది ఒక కథ.

ఇంకో కథ కూడా ఉంది. 1905లో కొరియా మీద బలవంతంగా రక్షిత రాజ్యపు ఒప్పందం రుద్దడంలో ముందున్నది ఈయనే. అక్కడ మొదటి రెసిడెంట్ జనరల్‌గా కూర్చున్నదీ ఈయనే. 1909 అక్టోబరు 26న హర్బిన్ రైల్వే స్టేషన్‌లో ఆన్ జుంగ్-గున్ అనే కొరియా యువకుడు ఆయన్ని కాల్చి చంపాడు. మరుసటి ఏడాది జపాన్ కొరియాని పూర్తిగా కలిపేసుకుంది. ఆన్‌ని ఉరి తీశారు. ఇవాళ కొరియాలో ఆయన జాతీయ వీరుడు.

ఇప్పుడు ఆ గుండ్రటి కొండ దగ్గరికి వద్దాం. కొమా అనేది గోగుర్యోకి జపనీస్ పేరు. గోగుర్యో అంటే కొరియా ద్వీపకల్పపు ఉత్తర భాగాన్ని, దాని పైన మంచూరియాలో చాలా మేరని ఏలిన ప్రాచీన రాజ్యం. అది 668లో కూలిపోయింది. అక్కడి నుంచి పడవల్లో పారిపోయి వచ్చిన వాళ్ళు ఈ ఓయిసో తీరంలోనే దిగారని ఇక్కడి స్థల పురాణం. కొండ కింద గుడి వాళ్ళ జ్ఞాపకమే అంటారు. స్థల పురాణం సంగతి అలా ఉంచితే, జపాన్ పాత రాజ చరిత్ర గ్రంథంలో ఒక నమోదు ఉంది: 716లో ఈ సగామితో కలిపి ఏడు ప్రాంతాల్లో ఉంటున్న 1,799 మంది గోగుర్యో వాళ్ళని ముసాషి ప్రాంతానికి తరలించి, వాళ్ళ కోసం కొమా అనే జిల్లా ఏర్పాటు చేశారు. అంటే సగామిలో వాళ్ళు స్థిరపడి ఉన్నారన్నది మాత్రం గట్టి సంగతి.

ఒక్కసారి ఆలోచించండి. కొరియా నుంచి వచ్చిన శరణార్థుల పేరు మోస్తున్న కొండ ఊరికి తూర్పున. కొరియాని లొంగదీసిన మనిషి ఇల్లు ఊరికి పడమట. మధ్యలో గంట నడక కూడా ఉండదు. ఈ రెండిటినీ కలిపి చెప్పే బోర్డు మాత్రం ఆరోజు నాకు ఎక్కడా కనిపించలేదు.

ఇంకా పడమటికి వెళ్తే యోషిదా షిగెరు ఇల్లు. యుద్ధం తర్వాత జపాన్‌ని నడిపించిన ప్రధాని. 1951 సెప్టెంబరు 8న శాన్ ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టింది ఈయనే. తోటలో ఆయన విగ్రహం ఉంది, శాన్ ఫ్రాన్సిస్కో వైపు చూస్తూ ఉంటుందని చెబుతారు. ఇక్కడ మన దేశం ప్రస్తావన కూడా ఉంది. ఆ సభకి భారతదేశం వెళ్ళలేదు. విదేశీ సైన్యం జపాన్‌లో ఉండిపోవడం లాంటి షరతులు మనకి నచ్చలేదు. 1952 జూన్ 9న టోక్యోలో విడిగా ఒప్పందం చేసుకుని, యుద్ధ నష్టపరిహారం వద్దని వదిలేసుకున్నాం. యోషిదా 1967లో ఈ ఇంట్లోనే చనిపోయారు. 2009లో ఇల్లు కాలిపోతే మళ్ళీ కట్టి 2017లో తెరిచారు.

ఆ తోటలో నిలబడి సముద్రం వైపు చూస్తుంటే నాకు ఇంకో తారీఖు గుర్తొచ్చింది: 1946 మార్చి 1. జపాన్ లొంగిపోకపోయి ఉంటే, ఆరోజు అమెరికా సేనలు టోక్యో ముట్టడి కోసం దిగాలని వేసుకున్న పథకం పేరు ఆపరేషన్ కరొనెట్. దిగడానికి ఎంచుకున్న రెండు తీరాల్లో ఒకటి ఈ సగామి అఖాతమే. ఆ దాడి జరగలేదు. సైనికులు మాత్రం వచ్చారు, యుద్ధంలో కాదు, ఆక్రమణలో. ఆ ఆక్రమణ 1952 దాకా సాగింది.

సాయంత్రం తిరిగి స్టేషన్‌కి వచ్చాను. రైలుకి ఇంకా టైముంది. పొద్దున చూసిన సొరంగం ఎదురుగా ఉంది. ఈసారి ఆగి, గేటు మీద పేరు చదివాను. ఎలిజబెత్ సాండర్స్ హోమ్.

మిత్సుబిషి సంస్థాపకుడు ఇవసాకి యతారో మనవరాలు సవాదా మికి. ఒక దౌత్యవేత్త భార్య. యుద్ధం అయిపోయాక ఒకరోజు ఆమె రైల్లో వెళ్తుంటే, సామాన్ల అర మీద నుంచి ఒక మూట జారి పడింది. విప్పి చూస్తే అందులో నల్లజాతి పసిబిడ్డ శవం. ఆ బిడ్డ తల్లి నువ్వేనా అని ఆమెనే అనుమానించారట. ఇది ఆమె స్వయంగా చెప్పుకున్న సంఘటన. అమెరికా సైనికులకీ జపాన్ స్త్రీలకీ పుట్టిన పిల్లల్ని అప్పట్లో ఎక్కడంటే అక్కడ వదిలేసేవారు. వాళ్ళు ఉన్నారని ఒప్పుకోవడం అమెరికా అధికారులకీ ఇష్టం లేదు, జపాన్ సమాజానికీ ఇష్టం లేదు.

ఓయిసోలో ఇవసాకి కుటుంబపు విడిది ఇల్లు అప్పటికే పన్ను కింద ప్రభుత్వానికి పోయింది. మికి డబ్బు పోగుచేసి దాన్ని తిరిగి కొని, 1948లో ఈ హోమ్ పెట్టారు. జపాన్‌లో దశాబ్దాల పాటు పనిచేసి ఇక్కడే చనిపోయిన ఒక ఇంగ్లీషు మహిళ వదిలివెళ్ళిన చిన్న మొత్తం మొదటి విరాళం. ఆమె పేరే హోమ్‌కి పెట్టారు. పిల్లలు బడి ఈడుకి వచ్చాక బయట ఎదురయ్యే వివక్ష తప్పించడానికి లోపలే బడి పెట్టారు. 1954లో గాయని జోసెఫిన్ బేకర్ వచ్చి, నిధుల కోసం కచేరీలు చేసి, ఇద్దరు పిల్లల్ని దత్తత తీసుకున్నారు. 1960ల్లో కొందరు పెద్ద పిల్లల్ని బ్రెజిల్ అమెజాన్‌లో వ్యవసాయానికి పంపారు. పుట్టిన దేశంలో బతుకు దొరకదేమో అన్న భయంతో అంత దూరం పంపారన్నమాట.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. వేసవిలో ఈ పిల్లల్ని ఈతకి మికి ఓయిసో తీరానికి కాదు, దేశానికి ఆ కొసన, జపాన్ సముద్రం ఒడ్డున ఉన్న తొత్తోరికి తీసుకెళ్ళేవారు. అది ఆమె భర్త సొంత ప్రాంతం. అక్కడ ఎవరూ లేని ఒక చిన్న తీరంలో పిల్లలు ఈత కొట్టేవారు. ఇక్కడి జనం చూపులు తప్పించుకోవడానికి. సముద్ర స్నానానికి పేరుపడ్డ ఊరు ఇది. గేటు దగ్గర నుంచి నడిస్తే పది నిమిషాల్లో సముద్రం. అయినా వాళ్ళకి ఆ సముద్రం లేదు.

హోమ్ ఇప్పటికీ నడుస్తోంది. కష్టంలో ఉన్న కుటుంబాల పిల్లలకి ఆశ్రయం ఇస్తోంది. అందుకే లోపలికి తొంగి చూడాలని కూడా నాకు అనిపించలేదు. అది పిల్లలుండే ఇల్లు, చూడదగ్గ స్థలం కాదు. గేటు ముందు కాసేపు నిలబడి వచ్చేశాను.

అక్కడేముంది అని అడిగిన మిత్రుడికి నేను చెప్పేది ఇదే. ప్రశాంతంగా ఉన్న ఊరంటే ఏమీ జరగని ఊరని కాదు. ఈ తీరం శరణార్థుల్ని చూసింది, ఏలినవాళ్ళని చూసింది, గెలిచిన సైన్యం వదిలివెళ్ళిన పసివాళ్ళనీ చూసింది. ప్రధానమంత్రుల ఇళ్ళు కూలితే, కాలితే, మళ్ళీ కట్టారు. మంచిదే. కానీ ఒక ఊరి చరిత్ర అడగాలంటే ఎవరి ఇల్లు మళ్ళీ కట్టారో ఒక్కటే అడిగితే సరిపోదు. ఆ ఊరి సముద్రంలో ఎవరిని దిగనిచ్చారు, ఎవరిని దిగనివ్వలేదు అని కూడా అడగాలి. ఈ ప్రశ్న జపాన్‌కే కాదు, ఏ ఊరికైనా వేసుకోవచ్చు.

మీరెప్పుడైనా ఓయిసో వెళ్తే, ఆ పెద్దాయన చెప్పినట్టు నెమ్మదిగా నడవండి.