రేకు ఆడితే రేడియో పాడింది

1930లలో కారులో రేడియో పాడాలంటే, దాని లోపల ఒక సన్నని ఇనుప రేకు సెకనుకు వందసార్లకు పైగా కొట్టుకోవాలి. ఈ సంగతి తెలిశాక మన ఇళ్లలోని ఇన్వర్టర్ పూర్వీకుల వెంట పడకుండా ఉండలేకపోయాను.

ఆనాటి రేడియో వాల్వులకు రెండొందల వోల్టుల దాకా కావాలి. కారు బ్యాటరీ ఇచ్చేది ఆరు. పెంచడానికి ట్రాన్స్‌ఫార్మర్ ఉంది గానీ, నిలకడగా పారే డీసీని అది పెంచలేదు. కరెంటు అటూ ఇటూ మారుతుండాలి. అందుకు వచ్చిందే వైబ్రేటర్. విద్యుదయస్కాంతం రేకును లాగుతుంది, అంతలోనే పట్టు వదులుతుంది, రేకు వెనక్కి ఎగురుతుంది. అటు తగిలితే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో ఒక సగానికి, ఇటు తగిలితే రెండో సగానికి ఎదురు దిక్కులో కరెంటు వెళ్తుంది. డీసీ కాస్తా ఏసీ! కొన్నింటిలో అదే రేకుకు మరో జత కాంటాక్టులు తగిలించి, పెరిగిన వోల్టేజీని తిరిగి డీసీ చేసేవారు. రెక్టిఫయర్ వాల్వు ఖర్చు మిగిలేది. ఎంత పొదుపైన తెలివి!

రొద బయటికి రాకుండా రేకును రబ్బరు పొదిగిన డబ్బాలో ఉంచేవారు. కాంటాక్టులు అరిగితే ఆ డబ్బా పీకి కొత్తది గుచ్చడమే. మొరాయిస్తే పైన ఓ దెబ్బ వేస్తే ఒక్కోసారి కదిలేది. పని చేస్తోందో లేదో చెవితోనే తెలిసేది. ఇప్పుడు ఏది కాలినా బోర్డంతా మార్చేస్తున్నాం. చెవితో విని జబ్బు కనిపెట్టే ఆ మరమ్మతు విద్య పోవడం నిజంగా నష్టమే.

కారు వైబ్రేటర్ కంటే ముందే, 1925లో, జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీరు డేవిడ్ ప్రిన్స్ రెక్టిఫయర్‌ను తిరగేసి నడిపి డీసీని ఏసీ చేయడం గురించి వ్యాసం రాశారు. 1954లో స్వీడన్ తన గాట్లాండ్ దీవికి సముద్రం అడుగున డీసీ పంపి, పాదరస వాల్వులతో ఏసీ చేసుకుంది. తర్వాత ఆ వాల్వుల చోటికి థైరిస్టర్లనే సెమీకండక్టర్ స్విచ్‌లు వచ్చాయి. మన విశాఖ గాజువాకలో తూర్పు, దక్షిణ గ్రిడ్లను కలిపిన కేంద్రంలోనూ ఒకవైపు ఏసీ డీసీగా మారి, రెండోవైపు మళ్లీ ఏసీ అవుతుంది.

ఇంటి ఇన్వర్టర్‌లో రేకు పని ట్రాన్సిస్టర్లది. చవక రకాలు రేకులాగే ఠక్కున అటు, ఠక్కున ఇటు మారుస్తాయి. కరెంటు పోయినప్పుడు ఫ్యాను గుర్రుమనేది అందుకే. సైన్ వేవ్ రకం సెకనుకు వేలసార్లు స్విచ్ చేస్తూ, ఒక్కో విడతను కాస్త పెంచుతూ తగ్గిస్తూ అలను నున్నగా దిద్దుతుంది. ధర ఎక్కువైనా ఫ్యాను మోటారుకు అదే మేలు.