కృష్ణాతీరపు సున్నపురాయి

నల్లగొండ జిల్లాలో మూసీనది కృష్ణలో కలియుచోట వాడపల్లి యున్నది. అగస్త్యేశ్వరుని, లక్ష్మీనరసింహుని దర్శింపవచ్చు యాత్రికులు సంగమమున స్నానమాడి, దేవళములు సేవించి మరలిపోవుదురు. కాలిక్రింది రాతిని పరికించువారు వారిలో అరుదు. అయినను ఆ రాతికి గొప్ప చరిత్ర కలదు. ఉత్తరపుటొడ్డున వాడపల్లి, మట్టపల్లి, మేళ్లచెరువు, దక్షిణపుటొడ్డున దాచేపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల మొదలగు గ్రామముల నేలలో పొరలు పొరలుగా పరచుకొనియున్న సున్నపురాయి యిది. పూర్వము పాశ్చాత్యులు దీనిని పలనాటి చలువరాయి యనిరి. నిజమునకిది చలువరాయి కాదు. చలువరాయి భూగర్భపు వేడిమికిని, ఒత్తిడికిని మారిన రాయి. ఇది ఆ మార్పు నొందక, ప్రాచీన సముద్రగర్భమున పేరుకొనిన పొరలతోనే నిలిచిన రాయి.

పలకలుగా విడుటనుబట్టి దీనిని ఇసుకరాయిగా భ్రమించువారును కలరు. రెంటికిని భేదము తెలియుట కష్టము కాదు. ఇసుకరాయి ఇసుకరేణువులు గట్టిపడి యేర్పడినది. ఇది సున్నపుతత్త్వము గలది. మన యిండ్లలో పరచు నాపరాళ్లలో ననేకము లీ జాతివే. నాపరాతి నేలపై నిమ్మరసము చిలికినచో అచ్చట మెరుగు తరిగి మచ్చపడునని గృహిణు లెరుగుదురు. పులుసునకు సున్నపుతత్త్వము కరుగుటయే దానికి హేతువు. ఈ రాతికి రెండు గుణములు కలవు. మొదటిది ఉలికి లొంగుట: సన్ననిరేణువులు గలదగుటచే కంటిరెప్పను, పూసలపేరును, అక్షరపుకొనను సయితము నిలుపగలదు. రెండవది నిప్పునకు లొంగుట: బట్టీలో కాల్చినచో బొగ్గుపులుసు గాలి వెడలిపోయి సున్నము మిగులును. ఈ రెండు గుణములే దాని చరిత్రమునకు మూలము. మొదటి గుణము దానికి కీర్తి తెచ్చినది. రెండవది దానికి చేటు తెచ్చినది.

మొదట కీర్తిని చెప్పుదుము. వాడపల్లికి ఎగువన నాగార్జునకొండ, దిగువన అమరావతి యున్నవి. ఈ రెండుచోట్లను బౌద్ధస్తూపములకు తొడిగిన శిల్పఫలకము లన్నియు నీ జాతి రాతివే. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి మరియు విచిత్రము. ఆ కొండ గ్రానైటుమయము. చుట్టును కావలసినంత రాయి యున్నది. అయినను అచ్చటి తోరణములకును, ఫలకములకును శిల్పులు సున్నపురాతినే తెప్పించుకొనిరి. సన్నని పనికి కొండరాయి చాలదని వారెరుగుదురు. ఆ కొండపై ఇక్ష్వాకురాజైన రుద్రపురుషదత్తుని శాసనము లభించినది. 2023వ సంవత్సరమున ఫణిగిరి శిల్పములు కొన్ని న్యూయార్కు మహానగరపు మెట్రోపాలిటన్ మ్యూజియములో ప్రదర్శింపబడి, దేశదేశములవారి మన్ననలందెను.

అయితే శిల్పసౌందర్యముకంటె మేము మిన్నగా నెంచునది ఆ రాతిపైనున్న పేళ్లు. క్రీస్తుశకము 3వ శతాబ్దమున విజయపురి రాజధానిగా ఇక్ష్వాకులేలిన కాలమున నాగార్జునకొండ మహాచైత్యమును పునరుద్ధరించినది చాంతిసిరి యను రాజస్త్రీ. ఆమె వాసిష్ఠీపుత్ర చాంతమూలునకు సోదరి, వీరపురుషదత్తునకు మేనత్త. వీరపురుషదత్తుని 6వ పాలనావత్సరమున నామె యెత్తించిన ఆయకస్తంభములు నేటికిని ఆమె దానమును చాటుచున్నవి. బోధిసిరి యను ఉపాసిక రాణి కాదు. అయినను సింహళదేశపు భిక్షువులకై చైత్యగృహము కట్టించి, తాను వేర్వేరు చోట్ల చేసిన ధర్మకార్యముల పట్టికనంతయు రాతిపై చెక్కించినది. అమరావతిలో పూర్ణకుంభము చెక్కిన యొక ఫలకమును సమర్పించినవాడు విధికుడను చర్మకారుడు. అతడు తన తల్లిని, భార్యను, సోదరులను, బిడ్డలను కలుపుకొని ఆ దానము చేసెను.

పాఠకు లీవిషయమును నిదానముగా నాలోచింతురుగాక. స్త్రీకి స్వతంత్రధనము తగదనియు, చర్మకారుడు దేవాలయపు గడప త్రొక్కరాదనియు శాసించు ఆచారములను సనాతనములని మనవారు తరతరములుగా నమ్మిరి. మన నేలలోని రాయి యట్లు చెప్పుట లేదు. పదునెనిమిది వందల యేండ్ల క్రిందట తెలుగుదేశమున స్త్రీ తన పేరిట దానము చేసెను. చర్మకారుని కానుక పవిత్రస్తూపమున నిలిచెను. ఆ కాలమున సర్వమును సమముగా నుండెనని మేమనము. కాని యెప్పుడును ఇట్లే యుండెనను వాదమునకు ఈ పలకలే సాక్ష్యపూర్వకమైన ప్రత్యుత్తరము.

పిమ్మట మతములు మారెను, కట్టడపు రీతులు మారెను. కాకతీయులనాడు రేచెర్ల నాయకులు పిల్లలమర్రిలో గట్టిరాతిని మలచి దేవళములు కట్టించిరి. రేచెర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన పాలంపేట రామప్పగుడిలో గోడలకు ఎఱ్ఱని ఇసుకరాయిని, మదనికలకును నునుపుస్తంభములకును నల్లరాతిని వాడిరి. ఏ రాయి యే పనికి తగునో యెరిగిన విజ్ఞత వారిది. ఎవరి మన్ననయు లేక పాడుపడిన కృష్ణాతీరపు స్తూపములు మాత్రము మట్టిదిబ్బలై నిలిచెను.

ఇక చేటును చెప్పుదుము. 18వ శతాబ్దాంతమున రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిలో క్రొత్తపట్టణము కట్టించునప్పుడు, అచ్చటి దిబ్బను రాళ్లకొరకును, ఇటుకలకొరకును త్రవ్వించెను. 1797లో కాలిన్ మెకంజీ దానిని చూచెను. 1816లో మరల వచ్చి చిత్రములు వ్రాయించెను. అప్పటికే యనేకఫలకములు చెదరిపోయెను. కొన్ని చెరువుమెట్లలో చేరెను. ఎన్నియో బట్టీలలో కాలి సున్నమయ్యెనని ఆనాటివారు వ్రాసియుంచిరి. 1845లో వాల్టరు ఎలియట్ త్రవ్వించిన ఫలకములు మదరాసు చేరి, పిదప 1859లో సముద్రము దాటి లండను పోయెను. మన శిల్పమును చూచుటకు నేడు మనము బ్రిటిషు మ్యూజియమునకు పోవలసివచ్చుటను తలచి పరులను నిందించుట సులభము. కాని ఆ ఫలకములను బట్టీలో వేసిన చేతులు పరులవి కావు. దుష్టబుద్ధిచేతగూడ వారట్లు చేయలేదు. ఇల్లు కట్టుటకు సున్నము కావలెను, చెంతనే మంచిరాయి యున్నది, దానిపై గీతలేమో తెలియదు. అజ్ఞానమే అక్కడ అగ్నియైనది.

తెలిసినవారు మెలకువతో నుండినచో నేమి జరుగునో నాగార్జునకొండ చూపినది. 1926లో ఆ క్షేత్రము పండితుల దృష్టికి వచ్చినది. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరుగగా, లోయ మునుగుట నిశ్చయమయ్యెను. 1954 మొదలు 1960 వరకు రాయప్రోలు సుబ్రహ్మణ్యము నాయకత్వమున ఆ లోయనెల్ల త్రవ్వి, ముఖ్యకట్టడములను కొండపైకిని, అనుపునకును తరలించి మరల నిలిపిరి. 1967లో కాలువలకు నీరు వదలబడెను. ఎడమకాలువ నీటితో మిర్యాలగూడ చేలు పండుచున్నవి. అన్నము కావలసినదే, చరిత్రయు కావలసినదే. ముందుగా యోచించినచో రెంటికిని చోటు దొరకునని ఆనాటి పని రుజువు చేసినది.

నేడు వాడపల్లి మొదలుకొని మేళ్లచెరువు వరకు సిమెంటు కర్మాగారములు వెలసినవి. పిడుగురాళ్ల సున్నపుబట్టీలకు పేరొందినది. ఆ రాతినే పొడిచేసి, మట్టితో కలిపి, సుమారు 1450 డిగ్రీల వేడిమిలో కాల్చి సిమెంటు చేయుచున్నారు. బడులు, వైద్యశాలలు, వంతెనలు దానితోనే లేచుచున్నవి. వేలమందికి కూడు పెట్టుచున్నది. దానిని మాన్పుడని మేము చెప్పము. గనిలోని రాయి వేరు, ఉలి తాకిన రాయి వేరు. ఆ భేదమును గుర్తించు కన్ను ప్రతి గ్రామమునను ఉండవలెననియే మా మనవి.

ఆ కన్ను పాఠశాలలో కంటె ముందు ఇంటిలో తెరచుకొనవలెను. పొలముగట్టున అక్షరములున్న పలక కనబడినచో దానిని చాకిరేవు బండగా వేయక, పురావస్తుశాఖవారికి తెలుపుడు. ఊరి గుడికి జీర్ణోద్ధారము జరుగునప్పుడు శాసనములున్న గోడపై సున్నముగాని, రంగుగాని పూయనీకుడు. భక్తితో వేసిన ఆ పూతయే శాసనమును కప్పివేయుచున్నది. వాడపల్లికి పోవునప్పుడు బిడ్డలకు సంగమమును, గుడిని చూపి, పిమ్మట కాలిక్రింది రాతినిగూడ చూపుడు. ఒక స్త్రీ పేరును, ఒక చర్మకారుని పేరును పదునెనిమిది వందల యేండ్లు మోసినది ఇట్టి రాయియేనని వారికి చెప్పుడు.