దొల్మాబాచే కట్టిన మేస్త్రీలు: బాల్యాన్ కుటుంబం కథ

హైదరాబాద్‌లో నీలోఫర్ హాస్పిటల్ తెలియనివాళ్లు ఉండరు కదా. ఆ నీలోఫర్ ఎవరో కూడా మీలో చాలామందికి తెలుసు. టర్కీ రాజవంశం అమ్మాయి. ఆమె, ఆమె బంధువు దుర్రుషెహ్వార్, ఇద్దరికీ 1931 నవంబర్ 12న ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఏడో నిజాం ఇద్దరు కొడుకులతో పెళ్లిళ్లు అయ్యాయి. దుర్రుషెహ్వార్ వాళ్ల నాన్న రెండో అబ్దుల్‌మజీద్, ఆఖరి ఖలీఫా. 1924 మార్చిలో ఒక రాత్రి పోలీసులు వచ్చి ఆయన్ని కుటుంబంతో సహా ఇంట్లోంచి బయటికి పంపేశారు. అప్పుడు ఈ పాప వయసు పదేళ్లు.

ఆ ఇల్లు ఉంది చూశారా, దాని గురించే ఇవాళ్టి ఎపిసోడ్. ఇస్తాంబుల్‌లో బోస్ఫరస్ ఒడ్డున ఉన్న దొల్మాబాచే ప్యాలెస్. రాజుల కథ యూట్యూబ్‌లో బోలెడు దొరుకుతుంది. నేను కట్టినవాళ్ల కథ చెప్తాను. మా నాన్న మేస్త్రీ. ఊళ్లో ఎన్ని ఇళ్లు కట్టాడో ఆయనకే లెక్క లేదు. గృహప్రవేశం కార్డు మీద ఆయన పేరు ఎప్పుడూ చూడలేదు నేను. బహుశా అందుకే ఈ టాపిక్ నన్ను పట్టుకుంది.

ముందు పేరు సంగతి. టర్కీ భాషలో దొల్మా అంటే నింపింది అని అర్థం. మసాలా కూరిన వంకాయనీ, క్యాప్సికమ్‌నీ కూడా వాళ్లు దొల్మా అనే అంటారు, మన గుత్తి వంకాయకి దూరపు చుట్టం. బాచే అంటే తోట. మనం బాగ్ అంటామే, ఆ కుటుంబం మాటే. సముద్రంలో చిన్న అఖాతాన్ని 17వ శతాబ్దంలో మట్టీ రాళ్లూ పోసి పూడ్చి తోట చేశారు. అదే దొల్మాబాచే. అంటే పూడ్చిన నేల. పునాది వేసేవాడికి అదెంత తలనొప్పో చెప్పనక్కర్లేదు. అలాంటి చోట దుంగలు దింపి, వాటి మీద రాతి గోడలు లేపారు. బయటి గోడలు రాయి, లోపలివి ఇటుక, అంతస్తులు చెక్క. బరువు ఎక్కడ తగ్గించాలో ఎక్కడ నిలబెట్టాలో బాగా తెలిసిన చేతులు అవి.

ఆ చేతులు గరబెట్ బాల్యాన్‌వి. పుట్టింది 1800లో, ఇస్తాంబుల్‌లో. జాతి ఆర్మేనియన్, మతం క్రైస్తవం. పని చేసింది ముస్లిం సుల్తాన్ దర్బారులో. వాళ్ల నాన్న క్రికోర్ కూడా దర్బారు నిర్మాణాల మనిషే. ఇస్తాంబుల్‌లో నుస్రెతియే మసీదు ఆయన పేరు మీదే చెప్తారు, 1826లో పూర్తయింది. వీళ్లని కల్ఫా అనేవాళ్లు. కల్ఫా అంటే కాలేజీలో చదివిన ఆర్కిటెక్ట్ కాదు, అచ్చంగా మన పెద్దమేస్త్రీ. ప్లాన్ గీస్తాడు, కూలీలను తెస్తాడు, రాయి సున్నం లెక్క చూస్తాడు, డబ్బు అందకపోతే తనే సర్దుతాడు.

మరి అంత పెద్ద సామ్రాజ్యానికి సొంత ఆర్కిటెక్టులు లేరా? ఉండేవారు. ఆస్థాన శిల్పుల దళం అని శతాబ్దాల నాటి సంస్థ ఉండేది. గొప్ప సినాన్ దానికి అధిపతిగా ఉన్నవాడే. రెండో మహమూద్ సుల్తాన్ పాత వ్యవస్థలన్నీ మారుస్తూ 1831లో దాన్ని ఎత్తేశాడు. అదే ఏడు క్రికోర్ చనిపోయాడు. ఆ ఖాళీలోకి గరబెట్ వచ్చాడు.

1843. సుల్తాన్ మొదటి అబ్దుల్‌మజీద్‌కి ఇరవై ఏళ్లు. అప్పటిదాకా సుల్తాన్‌లకు తోప్‌కపి కోట ఉంది, దాదాపు నాలుగు వందల ఏళ్ల నాటిది. యూరప్ రాజుల ప్యాలెస్‌ల ముందు అది పాతకాలపు వ్యవహారంలా అనిపించింది. మాకూ అలాంటిది కావాలి అన్నాడు. పని పదమూడేళ్లు సాగింది, 1856 దాకా. గరబెట్‌కి తోడుగా కొడుకు నిగోఘోస్ పనిచేశాడు. ఇతను పారిస్‌లో చదివొచ్చినవాడు.

లెక్కలు వినండి: 285 గదులు, 46 హాళ్లు, 6 హమామ్‌లు. ఖర్చు 50 లక్షల బంగారు లీరాలు, అంటే దాదాపు 35 టన్నుల బంగారం విలువ అని చెప్తారు. పైకప్పుల పూతకే 14 టన్నుల బంగారం పట్టిందంటారు. దర్బారు హాలు గుమ్మటం 36 మీటర్ల ఎత్తు. మధ్యలో వేలాడే షాండ్లియర్ నాలుగున్నర టన్నులు, 750 దీపాలు. విక్టోరియా రాణి గిఫ్ట్ ఇచ్చిందని చాలాకాలం చెప్పుకున్నారు. 2006లో రసీదు బయటపడింది. గిఫ్టూ లేదు గాడిదగుడ్డూ లేదు, పూర్తి డబ్బు కట్టి కొన్నదే!

నాకు మాత్రం బంగారం కంటే ప్లాన్ నచ్చింది. సముద్రం వైపు నుంచి చూస్తే ప్యారిస్‌లోంచి ఎత్తుకొచ్చి పెట్టినట్టు ఉంటుంది. స్తంభాలు, చెక్కుడు, దండలు. లోపలికి వెళ్తే? పాత టర్కీ ఇల్లే. మధ్యలో పెద్ద హాలు, చుట్టూ గదులు. మన మండువా ఇల్లు గుర్తు తెచ్చుకోండి, కాకపోతే పైన కప్పేసి ఉంటుంది. మగవాళ్ల దర్బారు భాగం ఒక చివర, అంతఃపురం ఇంకో చివర, మధ్యలో ఆ పెద్ద హాలు. రాజుగారు యూరప్ కావాలన్నాడు, కానీ బతికేది తన అలవాటు ప్రకారమే కదా. ఆ సంగతి గరబెట్‌కి తెలుసు. యూరప్ నుంచి ఆర్కిటెక్ట్‌ని తెచ్చి ఉంటే ఇంత కుదిరేది కాదని నా నమ్మకం.

ఇంకో పక్క చూడాలి. ప్యాలెస్ కడుతుండగానే క్రిమియా యుద్ధం వచ్చింది. 1854లో ఆ సామ్రాజ్యం మొట్టమొదటిసారి విదేశీ అప్పు చేసింది. తర్వాత అప్పు మీద అప్పు. 1875లో కట్టలేమని చేతులెత్తేసింది. ప్యాలెస్ ఒక్కటే ముంచిందనడం అన్యాయం, యుద్ధం ఖర్చు ముందు ఇది చిన్నదే. కానీ జనం కంటికి కనిపించేది ప్యాలెసే కదా.

నిగోఘోస్ 1858లో టైఫాయిడ్‌తో పోయాడు. ముప్పై రెండేళ్లు కూడా నిండలేదేమో. బోస్ఫరస్ వంతెన పక్కన నీళ్లలో తేలుతున్నట్టు ఫోటోల్లో కనిపించే ఓర్తాకోయ్ మసీదు అతని పనే. మీ వాల్‌పేపర్‌లో కూడా ఉండొచ్చు. గరబెట్ 1866లో గుండెపోటుతో పోయాడు.

తర్వాత వంతు ఇంకో కొడుకు సర్కిస్‌ది. సుల్తాన్ అబ్దుల్ అజీజ్‌కి కట్టడాల పిచ్చి, సర్కిస్‌కి ఆపకుండా పనిచేసే ఓపిక. బెయ్లర్‌బెయి ప్యాలెస్ 1865కి అయిపోయింది. తర్వాత చిరాగాన్ ప్యాలెస్. పేరులో ఉన్నది మన చిరాగే, దీపం. సుల్తాన్ 1872లో బోస్ఫరస్ మధ్యలోని ఒక చిన్న దీవిని సర్కిస్‌కి బహుమతిగా ఇచ్చాడు. అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. సముద్రాలు గీయడంలో ప్రపంచ ప్రఖ్యాతి ఉన్న ఐవజోవ్‌స్కీ 1874లో అక్కడ అతిథిగా ఉండి బొమ్మలు వేశాడు.

రాజు పడితే రాజు మనిషి కూడా పడతాడు. 1876 మే 30న అబ్దుల్ అజీజ్‌ని దింపేశారు. కొద్ది రోజులకే ఫెరియే ప్యాలెస్‌లో శవమై కనిపించాడు. అదీ సర్కిస్ కట్టిందే. కొత్త సుల్తాన్ కాలంలో సర్కిస్ మీద ఆరోపణలు వచ్చాయి, చాలా ఏళ్లు యూరప్‌లో గడపాల్సి వచ్చింది. తర్వాత తిరిగొచ్చి 1899లో ఇస్తాంబుల్‌లోనే కన్నుమూశాడు. ఆ దీవి తర్వాతి కాలంలో బొగ్గు నిల్వ చేసే డిపో అయ్యింది. 1957లో గలతసరాయ్ క్లబ్ కొనుక్కుంది, మీ ఫుట్‌బాల్ ఫ్యాన్స్‌కి తెలిసిన క్లబ్బే.

1915 తర్వాత ఆ దేశంలో ఆర్మేనియన్లకు ఏం జరిగిందో వేరే ఎపిసోడ్‌లో చెప్పాను, కామెంట్లలో మళ్లీ గొడవ వద్దు. దాని నీడ ఈ కథ మీదా పడింది. చాలాకాలం ఈ ప్యాలెస్‌లు కట్టింది బలియానీ అనే ఇటాలియన్లని చెప్పి టూరిస్టులను నమ్మించారు. బాల్యాన్ కాస్తా బలియానీ! ఇప్పుడు పేరు సరిగ్గానే చెప్తున్నారు. కానీ కొందరు చరిత్రకారుల వాదన ఇంకోటి: వీళ్లు ఆర్కిటెక్టులు కారు, కాంట్రాక్టర్లు మాత్రమే, పాత రికార్డుల్లో లెక్కలే ఎక్కువ ఉన్నాయి అని. ఇందులో కొంత నిజం ఉంది. కొన్ని భవనాలు ఊరికే వీళ్ల ఖాతాలో పడ్డాయి, డిజైన్ల మీద విదేశీయులూ పనిచేశారు. దొల్మాబాచే లోపలి అలంకరణలో పారిస్ ఒపెరా డిజైనర్ సెషాన్ చెయ్యి ఉంది. కానీ కాంట్రాక్టర్ మాత్రమే అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. కల్ఫా పనిలో గీయడం ఒకటి, కట్టడం ఒకటి అని గీత లేదు. మా నాన్న ఇంజనీర్ ప్లాన్ చూసి, మెట్లు ఇక్కడ పెడితే తల తగుల్తుందని మార్చిన ఇళ్లు నాకు తెలుసు. ఆ మెట్లు ఎవరివి?

ఇప్పుడు మళ్లీ 1924 రాత్రికి వద్దాం. గరబెట్ కట్టిన ఆ గేటు దాటి ఖలీఫా కుటుంబం కారెక్కింది. అక్కణ్ణుంచి చతాల్జా అనే ఊరి స్టేషన్, రైలు, స్విట్జర్లాండ్, ఆఖరికి నీస్. ఆ చిన్న పాప, సర్కిస్‌కి దీవి ఇచ్చిన అబ్దుల్ అజీజ్‌కి సొంత మనవరాలు. ఏడేళ్ల తర్వాత మన హైదరాబాద్ కోడలైంది. పాతబస్తీలో పురానీ హవేలీ దగ్గర ఆమె పేరుతో ఆసుపత్రి ఇప్పటికీ ఉంది, వీలైతే వెళ్లినప్పుడు బోర్డు చూడండి. వచ్చే వారం ఆమె కథ చెప్తాను, ఉంటాను.