మాట వెనుక కథ: ఉపాధ్యక్షుడు

ఉప + అధ్యక్షుడు, సవర్ణదీర్ఘ సంధితో ఉపాధ్యక్షుడు. ‘ఉప’ అనే సంస్కృత ఉపసర్గకు మొదటి అర్థం ‘దగ్గర’. ఎవరి దగ్గరికి వెళ్లి చదువుకుంటామో ఆయన ఉపాధ్యాయుడు. ఉపనది, ఉపకథ అన్నప్పుడు ‘ప్రధానమైనదాని తర్వాతది’ అనే అర్థం వచ్చింది. పదవుల పేర్లలో ఈ రెండు అర్థాలూ కలిశాయి.

ఊళ్లో ఉపసర్పంచ్‌ను వార్డు సభ్యుల్లోంచే ఎన్నుకుంటారు. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్‌కూ చెక్కు మీద సంతకం పెట్టే అధికారం ఇచ్చింది. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణిస్తే, ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలిక రాష్ట్రపతిగా బాధ్యతలు చేపట్టారు. ఎన్నిక జరిగేదాకా ఆ స్థానం ఖాళీగా ఉండకూడదనే రాజ్యాంగం ఈ ఏర్పాటు చేసింది.

మన సంఘాల్లో మాత్రం అలిగినవారిని బుజ్జగించడానికి ఉపాధ్యక్ష పదవి ఇవ్వడం కద్దు. అది సంఘానికీ నష్టమే, ఆ మాటకూ అన్యాయమే. అధ్యక్షుడికి దగ్గరగా ఉండి, లెక్కలూ నిర్ణయాలూ తెలుసుకుంటూ, తప్పు జరగబోతుంటే ముఖం మీదే చెప్పగలిగినవారిని ఉపాధ్యక్షులుగా ఎన్నుకోవాలి. రేపు బాధ్యత మీద పడితే తడబడకుండా మోయగలిగేది వాళ్లే.