ఒప్పందంలోని పెంకితనం: బీడీఎస్ఎం సంబంధాల్లో ‘బ్రాట్’ పాత్ర

బీడీఎస్ఎం సంబంధాల్లో వయోజనులైన భాగస్వాములు పరస్పర సమ్మతితో, ముందుగా కుదుర్చుకున్న హద్దుల్లో పాత్రలు పంచుకుంటారు. ఆజ్ఞాపించేవారు డామినెంట్, లొంగేవారు సబ్మిసివ్. లొంగడమంటే చెప్పిందల్లా నోరెత్తకుండా చేయడమేనన్న అభిప్రాయం బలంగా ఉంది. అయితే లొంగే పాత్రలోనే మరో రకం ఉంది. ఎదురు చెప్పడం, కవ్వించడం, కావాలని నియమం తప్పడం, ఆపై వచ్చే శిక్షను సరదాగా స్వీకరించడం దాని లక్షణాలు. ఇలా ప్రవర్తించేవారిని బ్రాట్ అనీ, ఆ పెంకితనాన్ని ఇష్టంగా ఎదుర్కొనే డామినెంట్‌ను బ్రాట్ టేమర్ అనీ వ్యవహరిస్తారు. స్త్రీపురుషులెవరైనా ఏ పాత్రనైనా తీసుకోవచ్చు. బ్రాట్ చూపే అవిధేయత ఒప్పందాన్ని ఉల్లంఘించేది కాదనీ, ఆ ఒప్పందంలోనే భాగమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

అధ్యయన నేపథ్యం

మనోవైద్యుడు రిచర్డ్ ఫాన్ క్రాఫ్ట్-ఎబింగ్ 1886లో వెలువరించిన ‘సైకోపథియా సెక్సువాలిస్’, దాని తర్వాతి కూర్పులు ఇలాంటి ప్రవృత్తులను వ్యాధుల కోవలో చేర్చాయి. ఆ దృష్టి మారడానికి చాలా కాలం పట్టింది. 1984లో పరిశోధకులు మార్టిన్ వైన్‌బర్గ్, కాలిన్ విలియమ్స్, చార్లెస్ మోజర్ ఈ సంబంధాలను సామాజిక ప్రవర్తనగా పరిశీలించి ఐదు అంశాలను గుర్తించారు: ఆధిపత్యం-లొంగుబాటు, పాత్రధారణ, సమ్మతి, లైంగిక సందర్భం, జరుగుతున్నదేమిటో ఇరువురూ ఒకేలా అర్థం చేసుకోవడం. 2013లో వచ్చిన అమెరికన్ మానసిక రుగ్మతల వర్గీకరణ డీఎస్ఎం-5 అసాధారణ లైంగిక ఆసక్తి వేరు, మానసిక రుగ్మత వేరు అని విడదీసింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11లో మసోకిజం (బాధ అనుభవించడంలో సుఖం పొందడం) రోగనిర్ధారణగా లేదు. శాడిజం (బాధపెట్టడంలో సుఖం పొందడం) విషయంలో బలవంతంతో కూడినది మాత్రమే రుగ్మతగా మిగిలింది.

ఆట అని తెలిపే సంకేతాలు

బ్రాట్ ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి మానవశాస్త్రవేత్త గ్రెగరీ బేట్సన్ సిద్ధాంతం బాగా ఉపకరిస్తుంది. 1952లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫ్లైష్‌హ్యాకర్ జూలో రెండు కోతిపిల్లల ఆటను ఆయన గమనించాడు. వాటి చేష్టలు పోట్లాటను పోలి ఉన్నా, అది పోట్లాట కాదని రెండింటికీ తెలుసు. ‘ఇది ఆట’ అన్న సంకేతం ఇచ్చిపుచ్చుకోగలిగితేనే ఆట సాధ్యమని 1955లో ప్రచురించిన వ్యాసంలో ఆయన వాదించాడు.

ఒక ఊహాత్మక సన్నివేశం ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. డామినెంట్ మంచినీళ్లు తెమ్మంటాడు. బ్రాట్ గ్లాసు అడుగున రెండు గుక్కల నీళ్లు పోసి తెచ్చి, అతివినయంగా రెండు చేతులతో అందిస్తుంది. ‘‘ఎన్ని తేవాలో నువ్వు చెప్పలేదుగా!’’ అంటుంది. అతడు కనుబొమలు ముడిచి, ‘‘అయితే ఈసారి నిండుగా తీసుకురా, ఒక్క చుక్క కూడా ఒలకకూడదు’’ అంటాడు. ఆమె ఆజ్ఞను అక్షరాలా పాటించి, దాని ఉద్దేశాన్ని తప్పించింది. అతివినయం, ఓరచూపు, ఆపుకోలేని నవ్వు ఇది ఆటేనని చెబుతున్నాయి. అతడి కోపంలోని నటన ఆ సంకేతం అందిందని తెలుపుతోంది.

ఇక్కడ సన్నివేశాన్ని నడిపేది ఆజ్ఞ ఒక్కటే కాదు. ఎదురుతిరిగే చొరవతో బ్రాట్ కథ మలుపును నిర్ణయిస్తుంది, భాగస్వామి చురుకుదనాన్ని పరీక్షిస్తుంది, అతడి పూర్తి శ్రద్ధను తనవైపు తిప్పుకుంటుంది. చివరికి తలొగ్గినప్పుడు, ఆ లొంగుబాటు తాను ఇచ్చినదేనని ఇద్దరికీ తెలుస్తుంది. ఇది నిజమైన లొంగుబాటు కాదనీ, కింద ఉంటూనే పెత్తనం చేయడమనీ ఆక్షేపించేవారు బీడీఎస్ఎం సమూహాల్లోనే ఉన్నారు. నిశ్శబ్ద విధేయతను కోరుకునే డామినెంట్‌కు ఈ పాత్ర సరిపడకపోవడం నిజమే. కానీ అది అభిరుచుల తేడా. దాన్నిబట్టి పాత్రను లోపమనలేం.

నిజమైన ‘వద్దు’

పెంకి పాత్రలో అసలు చిక్కు ‘వద్దు’ అనే మాట దగ్గర వస్తుంది. ఆ మాట ఆటలో సంభాషణగా మారితే, నిజమైన నిరాకరణకు వేరే మాట కావాలి. అందుకే సేఫ్‌వర్డ్ ఇక్కడ తప్పనిసరి. ట్రాఫిక్ దీపాల పద్ధతిలో ‘రెడ్’ అంటే వెంటనే ఆపాలి, ‘ఎల్లో’ అంటే నెమ్మదించి కనుక్కోవాలి. మాట్లాడే వీలు లేనప్పుడు చేతిలోని వస్తువును జారవిడవడం వంటి సైగను ముందే అనుకుంటారు. ఏ నియమాలను సరదాకు తప్పవచ్చు, ఆరోగ్యం, భద్రత, డబ్బు వంటి వేటి జోలికి పోకూడదు, ఏ శిక్షలు సమ్మతం అన్నవి కూడా ముందే తేల్చుకోవాలి. ఆట ముగిశాక ఒకరినొకరు ఓదార్చుకుని, ఎలా అనిపించిందో మాట్లాడుకోవడాన్ని ఆఫ్టర్‌కేర్ అంటారు. నటించిన కోపం మనసులో నిలిచిపోకుండా అది కాపాడుతుంది.

ఆట గాడి తప్పే దారులు రెండు వైపులా ఉన్నాయి. బ్రాట్ తన నిజమైన అసంతృప్తిని అల్లరి మాటున దాచవచ్చు. డామినెంట్ నిజమైన కోపాన్ని శిక్ష పేరుతో తీర్చుకోవచ్చు. మొదటిదానికి పాత్రలు పక్కనపెట్టి మాట్లాడుకోవడమే మార్గం. రెండోది హింస, బీడీఎస్ఎం పేరు దాన్ని సమర్థించదు.

సమ్మతి ఒక్కసారి ఇచ్చి వదిలేసేది కాదు, ఏ క్షణంలోనైనా వెనక్కి తీసుకోగలిగేది. కాబట్టి ఇలాంటి సంబంధాన్ని అంచనా వేయడానికి ఎవరు ఆజ్ఞాపిస్తున్నారు, ఎవరు ఎదిరిస్తున్నారు అన్న లెక్క చాలదు. లొంగే పాత్రలోని మనిషి ఆపమన్నప్పుడు, కారణం అడగకుండా, అలిగి సాధించకుండా అంతా ఆగుతుందా అన్నదే కొలమానం. ఆ హామీ ఉన్నచోట పెంకితనం ఇద్దరి ఉమ్మడి సృజన అవుతుంది. అది లేనిచోట విధేయతా ఆట కాదు, అవిధేయతా ఆట కాదు.